మేస్త్రి పోయని ఆయిల్

పోయిన నెల మహబూబ్‌నగర్‌లో కారు సర్వీసింగుకు ఇచ్చాను. చల్లటి అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. గంట గడిచాక నా ఫోనుకు ఒక వీడియో వచ్చింది. అందులో రబ్బరు తొడుగు వేసుకున్న ఎవరిదో వేలు నా కారు బ్రేకు ప్యాడ్ల మీద గీతలు గీస్తూ, ఇంత అరిగాయి చూడండి అన్నట్టు చూపిస్తోంది. మనిషి ముఖం లేదు, మాట లేదు. మార్చమంటారా వద్దా అని కింద రెండు గుర్తులు. మార్చమని నొక్కి ఫోను జేబులో పెట్టుకున్నాను. కల్వకుర్తిలో నా పాత కారు బాగుచేసిన మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయనైతే అరిగిన ప్యాడ్లను గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టేవాడు. "పాతయి మీయి సారూ. తీస్కపోండ్రి. రేపు మార్చకుంటనే మార్చిన్నన్నడని నన్నెవ్వడు అనొద్దు" అనేవాడు. అలా ఇంటికి చేరిన ఇనుప ముక్కల్లో ఒకదాన్ని నా భార్య వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది. మిగతా వాటిని ఏం చేయాలో ఇద్దరికీ తెలిసేది కాదు. ఆ మేస్త్రి గురించి కల్వకుర్తిలో ఒక మాట పుట్టింది, బ్రేకుల్లో తప్పుడు ఆయిల్ పోసి ఒక కుటుంబాన్ని శ్రీశైలం ఘాటు రోడ్డులో చంపబోయాడని. ఆ మాట నా వల్ల పుట్టింది. అది అబద్ధం. ఇది రాయడం అందుకే.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను కల్వకుర్తి దగ్గరి ఒక ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. మాది మగ్గం ఇల్లు. మా నాయిన గుంటలో కాళ్లు పెట్టి చీరలు నేశాడు. నేను నెల జీతం ఉద్యోగంలో చేరాను. మా ఇంట్లో మొదటి కారు నాదే, అది కూడా ఒకరు వాడి అమ్మింది. ఇంజను సంగతి తెలియకపోయినా సూత్రాలు తెలుసుననే ధీమా నాకు బాగా ఉండేది. ద్రవాల్లో ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుందన్న పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద కారు బ్రేకు బొమ్మ వేసేవాణ్ణి. ఇక్కడ కాలు, ఇక్కడ గొట్టం, ఇక్కడ చక్రం, మధ్యలో ద్రవం. ఆ బొమ్మ బాగా వస్తుందని నాకు ఊళ్లో కొంత పేరు కూడా ఉండేది. మేస్త్రి కూతురు మా బడిలోనే చదివేది కనుక ఆ సంగతి షెడ్డు దాకా పోయింది. "సారు పలక మీద బండి ఆపుతడట గదా. గీడ మేం రోడ్డు మీద ఆపనీకి సస్తున్నం" అని నవ్వేవాడు మేస్త్రి.

షెడ్డు శ్రీశైలం రోడ్డు మీద ఉండేది. నాలుగు కర్రలు, పైన రేకులు, ముందు ఒక వేపచెట్టు, పక్కన చాయ్ హోటలు. లోపల అడుగుపెడితే గ్రీజు వాసన, కిరోసిన్ వాసన, వాటి మధ్యలో ఎందుకో అగరొత్తి వాసన. మేస్త్రి వాళ్లు చర్చికి పోయే వాళ్లు, అగరొత్తి మాత్రం హోటలతనిది. కొండకు పోయే కార్లన్నీ అక్కడ ఆగేవి. ఘాటు దిగే ముందు మేస్త్రితో ఒకసారి బ్రేకులు చూపించుకోవడం అక్కడి టాక్సీ స్టాండు డ్రైవర్లకు దండం పెట్టుకోవడమంత అలవాటు. ఆయన జాకీ ఎక్కించి చక్రాన్ని చేత్తో ఒక తిప్పు తిప్పి, తల పక్కకు వంచి వినేవాడు. సన్నగా రాసుకునే చప్పుడు వస్తే మనకు ఏమీ వినిపించదు, ఆయనకు వినిపించేది. చక్రం విప్పి, ప్యాడ్ల మందాన్ని గోటితో కొలిచి, వెనక డ్రమ్ము మీద గరుకు కాగితం రుద్ది, రబ్బరు కప్పుల చుట్టూ తడి ఉందేమోనని వేలితో తడిమి చూసేవాడు. అన్నీ బిగించాక గొట్టాల్లో గాలి తీయాలి. అందుకు ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కాలి. ఆ పని ఎప్పుడూ బండి యజమానితోనే చేయించేవాడు. "తొక్కు సారూ. ఇంగ తొక్కు. పట్టు. ఇడ్వకు... ఇడ్వకు... ఆ, ఇగ ఇడువు." బండి కింద నుంచి ఆయన గొంతు వచ్చేది. ఎందుకిలా అంటే, "మంచిగున్నప్పుడు ఎట్లుంటదో మీ కాలుకు ఎర్కుండాలె. అప్పుడే కరాబైతే ఎర్కైతది" అనేవాడు. ఇంత చక్కటి మాట నా పాఠంలో ఎక్కడా లేదు.

మా బావమరిదికి కొడుకు పుట్టాడు. పుట్టువెంట్రుకలు శ్రీశైలంలో తీయించాలని మొక్కు. బావమరిదిది అచ్చంపేట దగ్గరి పల్లె, పత్తి చేను, ఒక ట్రాక్టరు. అందరినీ నా కారులో తీసుకుపోతానని మాట ఇచ్చి, రెండు రోజుల ముందు కారును షెడ్డులో పెట్టాను. మేస్త్రి ముందు చక్రాల ప్యాడ్లు మార్చాడు. వెనక ఎడమ చక్రం దగ్గర వేలు తడిమి, ఆ వేలిని నాకు చూపించాడు. "లీకు షురువైంది సారూ. ఇప్పుడే ఏంగాదు గని ఘాటుకు మంచిది గాదు. హైదరాబాద్‌కెళ్లి సామాను రావాలె. రెండు దినాలు ఇడ్సిపెట్టుండ్రి." నాకు ఆ రోజే అచ్చంపేట చేరాలని తొందర. ఏం కాదంటున్నావు కదా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి తాళం ఇచ్చాడు, ఇస్తూ ఒక మాట చెప్పాడు. "బ్రేకు ఆయిలు తక్కువై ఎర్ర లైటు వెలిగిందనుకో, మీరేం పోయొద్దు. ఫోన్ చేయుండ్రి. ఏడున్నా బండేసుకోని నేనే వస్త." సరేనన్నాను.

అచ్చంపేట పల్లెకు చేరేసరికి లైటు వెలిగింది. ఫోను తీశాను, మళ్లీ లోపల పెట్టాను. అత్తవారింటి ముందు నా కారు ఆగిపోయిందని, మేస్త్రి వచ్చి దాని కింద దూరాడని అనిపించుకోవడం నాకు నచ్చలేదు. అందరూ అన్నాల దగ్గర ఉన్నారు. ట్రాక్టరు పెట్టే కొట్టంలో ఆయిల్ డబ్బా కనిపించింది. ట్రాక్టరు ట్రాలీని పైకెత్తేది కూడా ఇదే సూత్రం కదా, ఒత్తిడి ఒత్తిడే, ఆయిల్ ఆయిలే అనుకున్నాను. బానెట్ ఎత్తి, కారు బ్రేకు ఆయిల్ మూత తీసి గుర్తు దాకా పోశాను. లైటు ఆరిపోయింది. చేతులు కడుక్కుని పోయి, పచ్చిపులుసు మళ్లీ వేయించుకుని తిన్నాను. సూత్రం తెలిసిన వాడు చేసే తప్పు తెలియని వాడు చేయలేడని ఇప్పుడు నాకు బాగా అర్థమైంది. తెలియని వాడు ఫోను చేసి ఉండేవాడు.

ఒక రోజు ఆగి ఉదయాన్నే బయలుదేరాం. మోకాళ్ల నొప్పులని అత్తమ్మ ముందు సీట్లో, వెనక నా భార్య, బావమరిది భార్య, చంటివాడు. బావమరిది వెనక మోటారు సైకిలు మీద. అడవి దాటేదాకా బాగానే ఉంది. దోమలపెంట దాటి ఘాటు దిగడం మొదలుపెట్టాక పెడలు రాయిలా గట్టిపడింది. తొక్కి వదిలినా చక్రాలు వదలడం లేదు. కాలిన వాసన వచ్చింది. వెనక నుంచి బావమరిది హారను కొడుతూ, "బావా, పొగొస్తాంది! ఆపు!" అని అరిచాడు. ఆపుదామని తొక్కితే ఈసారి పెడలు నేల దాకా పోయింది. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, కొండ వైపు కాలువలోకి దించాను. ఎడమ పక్క రాయికి కొట్టుకుంది. చంటివాడికి ఏమీ కాలేదు. అత్తమ్మ కాలు మోకాలి కింద విరిగింది. ఆమె అరవలేదు. "పిలగాడు, పిలగాడు" అనే అడిగింది.

మూడో రోజు మధ్యాహ్నం కారును లారీకి కట్టి మేస్త్రి షెడ్డుకు లాక్కొచ్చారు. ఇంకెవ్వరూ ముట్టొద్దు, నా దగ్గరికే తెండి అని కబురు పంపింది ఆయనే. స్టాండు డ్రైవర్లు, హోటలు దగ్గరి వాళ్లు చుట్టూ మూగారు. బావమరిది ఆయన చొక్కా పట్టుకోబోయాడు. "ఏం పోసినవురా బండిల? మా అమ్మ కాలిరిగింది."

"జర ఆగు తమ్మీ. చూడనీ" అని మేస్త్రి బ్రేకు ఆయిల్ మూత తీసి, వేలు ముంచి, వాసన చూసి, బొటనవేలితో రుద్దాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. హోటలు నుంచి రెండు గ్లాసుల్లో నీళ్లు తెప్పించాడు. "ఇది నా షెడ్డుల ఆయిలు" అని ఒకదాంట్లో పోశాడు. అది నీళ్లలో కలిసిపోయింది. "ఇది సారు బండిలది" అని రెండోదాంట్లో పోశాడు. అది పైకి వచ్చి తెట్టు కట్టింది. "తేల్తాంది చూడుండ్రి. ఇది ట్రాక్టర్లల్ల పోసేది. బ్రేకులల్ల పోస్తే రబ్బర్లు ఉబ్బుతయి. ఉబ్బినయి."

"నువ్వే పోసి, మల్ల నువ్వే సూపెడ్తున్నవా?" అన్నాడు బావమరిది.

"నా షెడ్డుల ట్రాక్టరు ఆయిలే ఉండది. ఎతుకుండ్రి." తర్వాత ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "సారూ, మీరేమన్న పోసిండ్రా? పోస్తే పోసిన్నని చెప్పుండ్రి. ఏంగాదు. తెల్వక ఎవలైన చేస్తరు."

తెల్వక అనే మాట దగ్గర ఆగిపోయాను. చుట్టూ నా విద్యార్థుల తండ్రులు నలుగురైదుగురు ఉన్నారు. "నేనేం ముట్టలేదు" అన్నాను.

హోటలతను వెంటనే అందుకున్నాడు. "సారెందుకు పోస్తడయ్యా? పిల్లలకు గదే పాఠం చెప్పే మనిషాయె!"

ఇంకెవరూ ఏమీ అడగలేదు. మేస్త్రి ఆ రెండు గ్లాసులూ తానే సబ్బుతో కడిగి హోటలు బల్ల మీద బోర్లించాడు. "సారు ముట్టలేదంటుండు. ఇగ నేనేం చెప్త" అని బండి కిందకు దూరాడు. నాలుగు రోజులు కూర్చుని ప్రతి గొట్టం కడిగి, ప్రతి రబ్బరు మార్చాడు. గాలి తీసేటప్పుడు నన్ను తొక్కమనలేదు, హోటలతణ్ణి పిలిచి తొక్కించుకున్నాడు. తాళంతో పాటు ఉబ్బిన రబ్బరు కప్పులను కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. పాతవి మీవి అని మాత్రం అనలేదు. ఇంటికి పోయే దారిలో ఆ పొట్లాన్ని మురికి కాలువలో పడేశాను.

చెబుదాం అనుకున్నాను. అత్తమ్మ మంచం దిగాక చెబుదాం, బావమరిది కోపం తగ్గాక చెబుదాం. ఈలోగా బావమరిది స్టాండులో ప్రతి డ్రైవరుకూ చెప్పాడు. ఘాటుకు పోయే కార్లు షెడ్డు ముందు వేగం తగ్గించడం మానేశాయి. మేస్త్రి కొన్నాళ్లు వేపచెట్టు కింద స్టూలు వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. నేను స్కూలుకు వేరే దారిలో పోయేవాణ్ణి. ఏడాది తిరగకముందే రేకులు దించి, భార్య పుట్టినూరు తిరుమలగిరికి పిల్లలతో సహా వెళ్లిపోయాడని విన్నాను. తర్వాత నాకూ బదిలీ అయింది. నిజం చెప్పాలంటే, ఊపిరి పీల్చుకున్నాను.

మహబూబ్‌నగర్ వీడియో చూసిన తర్వాతి ఆదివారం తిరుమలగిరి పోయాను. చర్చి వదిలే వేళ. తెల్ల చొక్కాలో ఉన్న ఆయన్ను నేను గుర్తుపట్టలేదు, ఆయనే నన్ను గుర్తుపట్టాడు. "తొవ్వ తప్పొచ్చిండ్రా సారూ?" ఒకరి దగ్గర కోత మిషన్లు రిపేరు చేసే కూలికి ఉన్నాడట. కూతురు నర్సింగు చదివింది. నిలబడే చెప్పేశాను, ఆ ఆయిల్ పోసింది నేనేనని.

"ఎర్కనే గద సారూ" అన్నాడు.

ఆయన భార్య ఆగలేదు. "మాకు ఎర్కున్న ముచ్చట మాకు చెప్పనీకి ఇంత దూరం పెట్రోలు కాలవెట్టుకోని రావాల్నా?"

"నువ్వాగవే" అని, ఆయన నాతో మెల్లగా అన్నాడు. "అది గూడ నిజమే సారూ. తెల్వనోళ్లు కల్వకుర్తిల ఉన్నరు. గాడ చెప్పుండ్రి. షెడ్డు ఎట్లగు మల్ల రాదు, నా పేరన్న రానీ."

కల్వకుర్తి స్టాండుకు పోయి చెప్పాను. కుర్రవాళ్లు ఏ మేస్త్రి అని అడిగారు. పాత డ్రైవరు ఒకతను మాత్రం తల గోక్కుని, "శ్రీశైలం రోడ్డు మేస్త్రా? గాయిన చెయ్యి మంచిది గాదంటుండిరి. ఎందుకన్నరో యాదికి లేదు" అన్నాడు. మొత్తం చెప్పాను. "అయ్యో, మంచోణ్ణే పోగొట్టుకుంటిమి" అన్నాడు. కిరాయి వస్తే లేచి వెళ్లిపోయాడు. బావమరిదికి ఫోను చేసి అదే చెప్పాను. "అమ్మకు నేను చెప్ప బావా. నువ్వే వచ్చి చెప్పు" అన్నాడు.

అత్తమ్మ గడపలో కాలు చాపుకుని నూనె రాసుకుంటోంది. పక్కన చేతికర్ర. విన్నంతసేపూ ఆమె చెయ్యి మోకాలి మీద ఆగలేదు. అయిపోయాక నా మొహం చూసి అడిగింది. "రోజు నూనె రాస్కుంటప్పుడల్ల గాయిన్ని తిట్టిన కొడుకా. ఆయన పిల్లల్ని సుత తిట్టిన. గన్నేండ్ల తిట్లు ఎనుకకు ఎట్ల తీస్కోవాలె?"

నిజాన్ని ఎప్పుడైనా చెప్పుకోవచ్చుననుకున్నాను. చెప్పుకోవచ్చు కూడా. కాకపోతే అది నోరు దాటేలోపు, నా అబద్ధాన్ని నమ్మిన వాళ్లు ఆ నమ్మకంతోనే ఇన్నేళ్లు బతికేశారు, ఆ ఏళ్లు నేను ఎవరికీ తిరిగి ఇవ్వగలిగినవి కావు.