అచ్చిరాని నల్లపావులు

మీ ఇంట్లో ఆడపిల్ల లెక్కల్లో తప్పితే మీరు ముందు ఏది తెరుస్తారు, ఆమె పరీక్ష కాగితమా, జాతకమా?

నా చిన్నప్పుడు విజయనగరంలో మా వాళ్లు జాతకమే తెరిచారు. అప్పుడు నాది ఐదో తరగతి. అర్ధసంవత్సర పరీక్షలో లెక్కలు పోయాయి. "దాని జాతకసక్రంలో సదువు లేదురా" అని మా నాయనమ్మ తేల్చేసింది. సోమవారం బడికి వెళ్లి నా పేరు తీయించేస్తానన్నారు నాన్న. గ్రహాలిచ్చిన తీర్పుకి అప్పీలు ఉండదని ఆ ఇంటి నమ్మకం. నేనూ నమ్మాను. ఇప్పటికీ నాకు అదే సిగ్గు.

ఆ ఆదివారం మా చిన్నాన్న చదరంగం పరిచి నన్ను పిలిచారు. మా వీధిలో ఆయన్ని ఓడించినవాళ్లు లేరు. నాకు పావుల నడక మాత్రమే తెలుసు. రెండాటలు ఓడాను. మూడో ఆటలో ఏనుగు కూడా పోయేసరికి, నల్లపావులు నాకు అచ్చిరాలేదని ఏడుపు మొహం పెట్టాను.

ఆయన చదరంగం బల్లని గిర్రున తిప్పేశారు. గెలుస్తున్న తెల్లపావులు నా ముందుకి, చితికిపోయిన నల్లవి ఆయన ముందుకి వచ్చాయి.

"నావి అచ్చొచ్చినవే గదా. ఆడవే గుంటా."

ఆడాను. ఇరవై ఎత్తులు దాటకుండానే నా రాజుకి ఆటకట్టు.

"ఇప్పుడు సెప్పు, నీ గ్రహాలు ఏ రంగు పావుల్లో దూరినాయి?"

కోపంతో నా ఏడుపు ఆగిపోయింది. తప్పెక్కడో చూపించమన్నాను. ఆయన చూపించలేదు. ఎత్తులు ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ నన్నే పట్టుకోమన్నారు. బల్ల తిప్పకముందు నా నల్ల ఏనుగు పోయిన దగ్గరికి వచ్చేసరికి పట్టుకున్నాను. ఆయన గుర్రం ఎటు దూకుతుందో చూడకుండా నా మంత్రినే చూసుకుంటూ కూర్చున్నాను.

"మరి లెక్కల కాగితం సూసుకున్నావేటి?"

చూసుకోలేదు. ఇంట్లో ఎవరూ చూడలేదు. ఇద్దరం తీసి చూశాం. తప్పిన భాగహారాలన్నిటిలో ఒకటే తప్పు. ఆరువందల పన్నెండుని ఆరుతో భాగించి పన్నెండని రాశాను. మధ్యలో సున్న పెట్టాలని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ కాగితం పట్టుకుని నేనే నాన్న దగ్గరికి వెళ్లాను. "నాన్నా, ఇంకో లెక్కియ్యి. తప్పితే నేనే వచ్చి పేరు తీయించుకుంటాను." నాలుగిచ్చారు. నాలుగూ చేశాను.

"ఒక్క పూటలో జాతకం మారిపోనాదేటి?" అంది నాయనమ్మ వెటకారంగా.

"జాతకం కాదమ్మా, సున్న దొరికింది" అన్నారు చిన్నాన్న.

సోమవారం నాన్న బడికి వెళ్లలేదు. నేను వెళ్లాను.

చిన్నాన్న మీద నేను ఒక్క ఆట కూడా గెలవలేదు. కానీ ఓడిన ప్రతిసారీ తప్పు జరిగిన చోటు వెతకడం ఈ వయసులోనూ మానలేదు. ఇది మీకూ చేతనవుతుంది. మీ పిల్ల ఏ లెక్క దగ్గర ఆగిపోయిందో ఇవాళే ఆమె పక్కన కూర్చుని వెతకండి. జాతకం చూసే పురోహితుడు వస్తే అరుగు మీద కూర్చోబెట్టండి. తప్పు దొరికేదాకా మీరు లేవకండి.