గ్రేడు లేని కార్డు

రిటైరయ్యే ముందు ఏడాది నేను ఆళ్లగడ్డలో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిని. కొత్త ప్రోగ్రెస్ కార్డుల ప్రయోగానికి ఎంచుకున్న బడుల్లో మాదీ ఒకటని ఆ జూన్‌లో నంద్యాలకు శిక్షణకు పిలిచారు. ఇకమీదట ఏ, బీ, సీ గ్రేడులు ఉండవు. భిన్నాలు కూడడం, పేరా చదివి అర్థం చెప్పడం, ఇలా ఒక్కో నైపుణ్యానికి ఎదురుగా ‘ఇంకా రాలేదు’, ‘నేర్చుకుంటోంది’, ‘వచ్చింది’ అని రాయాలి. ఏడాది చివర బిడ్డకు ఏం వచ్చిందో అదే చూడాలి, మధ్యలో తడబడింది పట్టించుకోకూడదు. వింటున్నంతసేపూ అర్థమైనట్టే ఉంది. ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి అంతా అయోమయం.

మా లెక్కల మాస్టారు ఓబులేసు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆ మూడు మాటలకూ అంకెలు వేసి, ఏడాదంతా కూడి, సగటు తీసి, కార్డు మూలన మళ్లీ గ్రేడు తేల్చాడు. “సగటు ల్యాకుంటే ఎట్ల మేడమ్?” అన్నాడు.

ఎనిమిదో తరగతి మేరీకి ఆ సగటులో సీ వచ్చింది. పత్తి ఏరే కాలమంతా అమ్మానాన్నలతో చేలల్లో ఉండి, తిరిగొచ్చి, పరీక్షల నాటికి అన్నీ నేర్చుకున్న పిల్ల. నంద్యాలలో హాస్టలున్న బడిలో తొమ్మిదో తరగతి సీటుకు బీ ఉండాలి. దొర్నిపాడులో కూలి చేసుకునే ఆమె నాయన ఏసోబు కార్డు పట్టుకొని వచ్చాడు.

“ఏందీ మేడమ్ ఇది? ఈడ అన్నీ వచ్చినాయంటారు, ఆడ సీ అంటారు. మేం పత్తికి పోతే పిల్లను చూసేటోళ్లు ల్యారు. సీటు రాకుంటే బడి మాన్పించి పనికి పిల్చుకపోతా.”

నాకు ఒళ్లు మండింది. ఓబులేసు చేత ఆ ‘సీ’ని కొట్టేయించి, తండ్రీకూతుళ్లను వెంటబెట్టుకుని నంద్యాలలో విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లాను. మేడమీద శిక్షణ అధికారి, గ్రేడు రాస్తే ఊరుకోనన్నారు. అదే భవనంలో కింద ప్రవేశాల అధికారి, గ్రేడు లేకుంటే దరఖాస్తు ముట్టనన్నారు. ఎవరి మాట వినాలో తోచక మెట్ల దగ్గర నిలబడిపోయాను.

చివరికి కిందికే వెళ్లి, ఈ పిల్లకు ఏం వచ్చో మీరే అడగండన్నాను. ఆయన విసుగ్గా ఒక భిన్నాల లెక్క ఇచ్చారు. మేరీ చేసింది. ఇంకొకటిచ్చారు, అదీ చేసింది. సీటు ఖాయం చేశారు. దరఖాస్తులో గ్రేడు గడి ఖాళీగా వదలకూడదని తనే అందులో ‘బీ’ వేసుకున్నారు.

“బీ వచ్చిందంట మేడమ్!” ఏసోబు ముఖం వెలిగిపోయింది. అది ఎలా వచ్చిందో చెప్పబోయి మానుకున్నాను.

కార్డు మార్చడం తేలిక. అడిగేచోట ఆ గడి ఉన్నంతకాలం ఎవరో ఒకరు అక్షరం వేస్తారు. వేసేముందు ఏం వచ్చో పిల్లను ఒక్కసారి అడిగేలా చూడడమే బడి చేయగలిగిన పని.