రెండో గడి ఖాళీగా ఉన్న రెజ్యూమె

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటాం. వాటి ముందు నలభై ఏళ్లు నిలబడ్డాను. షెడ్డులో ఆ చప్పుడుకి పక్కవాడి మాట వినపడేది కాదు. షెడ్డు మూతపడ్డాక, ఒక్కణ్నే ఉండే అద్దె గదిలో వినడానికి మాటే లేకుండా పోయింది.

ఊరి బయట కొత్తగా పెట్టిన యూనిట్‌లో బట్టలో తప్పులు పట్టే మనిషి కావాలంటే వెళ్లాను. సూపర్‌వైజరు తలెత్తకుండానే "రెజ్యూమె తీస్కరా" అన్నాడు. ఒక తాను ముందు పడేసి చూడమని అంటే ఏం పోయేది? ఆ కోపం ఇంకా తగ్గలేదు.

బడికి పోయినవాణ్ని కాదు. నూలు కట్టల మీది చీటీలు, పొట్లాలు కట్టిన పాత పేపర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ రాతతోనే నాలుగు పేజీలు నింపాను. ఏ ఆసామి, అంటే సాంచాల యజమాని, షెడ్డులో ఏ బట్ట నేశానో, ఎందుకు మానేశానో అన్నీ రాశాను. సాంచాలు బందుండే అమావాస్య నాడే మేం షెడ్డు మారేవాళ్లం. అందుకే తేదీల బదులు అమావాస్యలు రాశాను: దసరా ముందటిది, మా ఆవిడ పోయిన నెలది.

జిరాక్సు షాపు నడిపే ఆమె చూసి నవ్వింది.

"తాతా, గిన్ని పేజీలు ఎవలు సదువుతరు? ఒక్కటే పేజీ ఉండాలె. నాయిన పేరు అద్దు, కులం అద్దు. ఎందుకు మానేసినవో అసలే అద్దు."

"ఆసామి తిట్టిండని మానేసిన. గది ఉండాలె."

"గది ఉంటే నౌకరి ఉండది."

తీసేసింది. చదువు దగ్గర ఏం రాయాలంది. సొంతంగా చదువుకున్నానని రాయమన్నాను. అలాగే టైపు కొట్టింది.

అడుగున రెండు గడులున్నాయి. నా పని తెలిసిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు కావాలట. ఎంత వెతుక్కున్నా ఇద్దరే మిగిలారు.

మర్నాడు బస్సెక్కి జగిత్యాల వెళ్లాను, కొడుకు దగ్గరుంటున్న పాత ఆసామి కోసం. కోడలు తలుపు తీసింది.

"మామ పోయి రెండేండ్లాయె. మీకెవ్వలు చెప్పలేదా?"

ఎవరు చెప్తారు? గోడ మీది ఫొటోకి దండ వేసి ఉంది. నన్ను తిట్టింది ఈయనే. నా బట్టకు ఏనాడూ వంక పెట్టనిదీ ఈయనే. ఇచ్చిన చాయ్ తాగి బయటికొచ్చాను.

అక్కడి నుంచి కోరుట్ల. నా పక్క సాంచాలు నడిపినవాడు బిడ్డ ఇంట్లో ఉన్నాడు.

"ఏం బావా, ఇంక పోలేదా నువ్వు?"

"నిన్ను తీస్కపోదామనే అచ్చిన."

కాగితం కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చదివాడు. "పోగు తెగితే సప్పుడు బట్టి పట్టేటోనివి. గది రాయలేదేంది?"

"ఒక్కటే పేజీనట."

"ఫోన్ చెయ్యమను, నేను జెప్త. నా గురించి ఎవలన్న అడిగితే నువ్వు జెప్పు."

ఎవరూ అడగరని ఇద్దరికీ తెలుసు.

తిరిగొచ్చాక జిరాక్సు ఆమె రెండో గడిలో తన నంబరు వేస్తానంది.

"నా బట్ట నువ్వు సూసినవా బిడ్డా?"

"ఖాళీ ఉంటే మంచిగుండది తాతా."

"పోయినోని జాగ అది. ఉండనీ."

యూనిట్‌లో ఇచ్చాను. సూపర్‌వైజరు దాన్ని కట్ట అడుగున పెట్టాడు. నెల తిరక్కుండానే ఆ పనిలో ఇంకెవరో చేరారని విన్నాను. నాకు ఫోను రాలేదు, కోరుట్లకూ వెళ్లలేదు.

కానీ రోజూ పొద్దుగూకే వేళకు కోరుట్ల నుంచి నాకు ఫోనొస్తుంది.

"బావా, ఇయ్యాల గూడ ఎవలు జెయ్యలే. ఫుల్లు చార్జింగ్ పెట్టుకోని కూసున్న."

"జేస్తరు తియ్యి. ఏం తిన్నవు?" అంటాను.

పనిలో వేరేవాళ్లు చేరారని అతనికి ఇంకా చెప్పలేదు. చెబితే రేపు ఫోను మోగదు.