ఎడమ ముక్కు జలుబు

1939లో నేను పంజాగుట్టలో రెండు గదుల దవాఖానాలో నర్సును. డాక్టరు వారానికి రెండు రోజులే వచ్చేవారు. మిగిలిన అయిదు రోజులూ వచ్చినవాళ్లను నేనే చూసేదాన్ని.

జులై 11, మంగళవారం. అమీర్‌పేట దర్జీ మల్లయ్య తన నాలుగేళ్ల కూతురు యాదమ్మను ఎత్తుకొచ్చాడు. వెంట భార్య బాలమణి, తండ్రి రాజయ్య. పిల్ల గడప దాటకముందే దాని ముక్కు వాసన నా దగ్గరికి వచ్చేసింది.

"పదిహేను రోజులాయె నర్సమ్మా, సర్ది తగ్గుతలేదు," అన్నాడు మల్లయ్య. "ఊదు పొగ ఏసినం, దిష్టి తీసినం, తాయెత్తు సుత కట్టినం."

రిజిస్టర్ తిప్పాను. జూన్ 26న ఆ పిల్లను చూసింది నేనే. 'జలుబు, ఆవిరి' అని రాసి పంపేశాను. ముక్కులోకి మాత్రం చూడలేదు.

ఈసారి చూశాను. కుడి రంధ్రం శుభ్రంగా ఉంది. చీము అంతా ఎడమవైపే. జలుబైతే రెండువైపులా కారుతుంది. ఒక్కవైపే కారి, పైగా కంపు కొడితే లోపల ఏదో ఇరుక్కుందని అనుమానించాలి. టార్చి వేస్తే గుండ్రంగా ఏదో మెరిసింది.

"గింతేనా!" అని మల్లయ్య కాలరుకు గుచ్చిన సూది తీశాడు.

"దాచు దాన్ని! పొడిస్తే వెనకకు జారి ఊపిరి గొట్టంల పడుతది. అప్పుడేం కుడతవ్?"

ఇది తల్లి చేయాల్సిన పని. బిడ్డ కుడి ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి, ఒక్కసారి ఊదాలి. బాలమణి కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"మామ ముందట గట్లెట్ల చేయాలె నర్సమ్మా?"

మామ బయటికి పోనన్నాడు. ఇంటికి పెద్ద కదా! చివరికి గోడవైపు తిరిగి కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. మొదటిసారి ఊదగానే "అయ్యిందా?" అని ఇటు తిరిగాడు. మళ్లీ కొంగు, మళ్లీ గోడ. రెండోసారి యాదమ్మకు నవ్వొచ్చింది. మూడోసారికి గాజు గుండీ ఒకటి ఎగిరొచ్చి నా తెల్లచీర మీద పడింది.

"అరె, సాబు షేర్వానీ గుండీ!" అన్నాడు మల్లయ్య. "ఏడు ఉండాలె, అయిదే ఉన్నయ్. యాడ పారేసినవని పదిహేను రోజుల సంది నా పెండ్లాన్ని తిడుతున్న."

బాలమణి ఈసారి కొంగు తొలగించి మరీ మొగుణ్ణి చూసింది.

నాకు నవ్వు రాలేదు. ఏడులో అయిదు పోతే రెండు. దొరికింది ఒకటి. కుడి ముక్కు, నోరు, రెండు చెవులు వెతికాను. లేదు. ఊపిరితో లోపలికి పీల్చి ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టాను: ఇరవై ఆరు. ఆ వయసుకు సరిపోతుంది. స్టెతస్కోప్‌తో విన్నాను, రెండువైపులా గాలి ఒకేలా ఆడుతోంది. దగ్గు లేదు. అయినా ధైర్యం చాలలేదు. యాదమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను.

"రెండోది యాడ పెట్టినవ్ బిడ్డా? ఎవ్వరు కొట్టరు, చెప్పు."

"తాత చెవుల. తాత పండుకున్నప్పుడు."

అందరం రాజయ్య వైపు చూశాం. ఆయన ఇంకా గోడనే చూస్తున్నాడు.

"ఏమంటున్నరు? జర గట్టిగ చెప్పుండ్రి," అన్నాడు. "ఈ చెవి సర్దితోని మూసుకపోయింది."

గురువారం డాక్టరు వచ్చి గుండీ తీశారు. అప్పటినుంచి నేను జలుబు అని రాస్తే ఏ వైపో కూడా రాసేదాన్ని. ఒకటి దొరికిందని ఊరుకోకూడదనీ, పిల్లను చూశాక పిల్ల పక్కన పడుకునేవాళ్లనూ చూడాలనీ నేర్చుకున్నాను. రాజయ్యను మాత్రం పిల్లల పేజీలోనే ఎక్కించాను. వయసు అరవై ఎనిమిది.