అక్క దిండు కింద బెల్లం

అక్కకి కడుపునొప్పి వస్తే నాకు కడుపుమంట వచ్చేది. దాచడమెందుకు, ఉన్నమాట చెబుతున్నాను. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త రోజులు. నాకు పధ్నాలుగేళ్లు, అక్కకి పద్దెనిమిది. నెలకోసారి తనకి నొప్పి తిరగబెట్టేది. అప్పుడు మా కొత్తపేట ఇల్లంతా తన మంచం చుట్టూ తిరిగేది. నాన్నగారు పొలం నుంచి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా తన పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేవారు. ఆయన చెయ్యి నా తల మీద పడిన జ్ఞాపకమే లేదు.

ఒకసారి నేనూ కడుపు పట్టుకుని పడుకున్నాను. నాన్నగారి అమ్మ, మా మామ్మ, వచ్చి నా నాలుక చూసింది. "లంఖణం పరమౌషధం. రేపటిదాకా దీనికి కాచిన నీళ్లు తప్ప ఏమీ పెట్టకండి" అంది. మధ్యాహ్నం వంటింట్లోంచి పనసపొట్టు కూర వాసన వచ్చేసరికి నాకు నయమైపోయింది.

అక్కకి అంత తేలిగ్గా నయమయ్యేది కాదు. మామ్మ మూడేసి రోజులు లంఖణాలు పెట్టేది. పొట్ట మాడితే నొప్పి చస్తుందని అందరి నమ్మకమూను. ఒకసారి రెండోనాడు అక్క నా చెయ్యి పట్టుకుని, "కాస్త బెల్లం ముక్క తెచ్చిపెట్టవే. ప్రాణం లాగేస్తోంది" అంది. తెచ్చాను. చప్పరించి ఇంకా అడిగింది, ఇంకా తెచ్చాను. మర్నాటికి లేచి కూర్చుంది. గొప్పంతా లంఖణానికే పోయింది.

మరుసటి నెల మళ్లీ నొప్పి, మళ్లీ లంఖణం. ఈసారి అడక్కుండానే పెద్ద బెల్లం ముక్క తన దిండు కింద పెట్టాను. ఆ సాయంత్రం నాన్నగారు వాడపల్లి స్వామికి మొక్కుకుని వస్తూ అక్కకి నేరేడుపండు రంగు పట్టుచీర తెచ్చారు.

"మరి నాకో?" అన్నాను.

"నీకేమొచ్చిందే, గుండ్రాయిలా ఉన్నావు!" అని నవ్వేశారు.

తెల్లారి ఆయన పొలం వెళ్లగానే మామ్మ దగ్గరికి పోయి, "అక్క దిండు కింద బెల్లం దాచుకుంది" అని చెప్పాను. పెట్టింది నేనేనని మాత్రం చెప్పలేదు.

మామ్మ దిండెత్తి బెల్లం తీసేసింది. "నీ చెల్లెలు చెప్పబట్టి సరిపోయింది గానీ, చేసిన లంఖణమంతా వృథా చేసేవు కదే" అని మళ్లీ మొదటిరోజు నుంచి పస్తు మొదలుపెట్టించింది. అక్క నా వైపు చూసింది.

మూడోనాటికి అక్క గ్లాసు పట్టుకోలేకపోయింది. చేతులు మణికట్ల దగ్గర వేలాడిపోయాయి. గూడుబండి కట్టించి అందరం అమలాపురం డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్లాం. ఆయన అక్క మూత్రం గాజుసీసాలో పట్టించి కిటికీలో ఎండకి పెట్టారు. సాయంత్రానికి అది సరిగ్గా ఆ పట్టుచీర రంగుకి తిరిగింది.

"రక్తానికి ఎరుపు తయారయ్యే చోట లోపమండీ ఇది. తయారీ మధ్యలో ఆగిపోయిన సరుకు ఇలా బయటికి పోతుంది. పోర్ఫిరియా అంటారు, పుట్టుకతో వచ్చేది. పస్తుంటే ఇంకా రెచ్చిపోవడం నేను చూశాను. ఎవరండీ ఈ పిల్లని మాడ్చింది?" అన్నారు.

మామ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరుగారు గ్లూకోజు ఎక్కిస్తూ అక్కని అడిగారు.

"ఇదివరకు ఎప్పుడైనా తొందరగా తగ్గిందా అమ్మా?"

"ఆయ్. పోయిన నెల మా చెల్లి బెల్లం పెట్టిందండీ. తగ్గింది."

"మరి ఈసారి పెట్టలేదేం?"

అక్క నా కళ్లలోకి చూసింది.

"పెట్టిందండీ. నేనే సరిగ్గా దాచుకోలేదు."

మామ్మ నన్ను ఎగాదిగా చూసింది. నాన్నగారు వచ్చి నా తల మీద చెయ్యి వేసి, "నువ్వేనమ్మా దీన్ని కాచుకున్నది" అన్నారు. అన్నేళ్లూ ఆ చెయ్యి కోసమే ఏడ్చాను. తీరా పడ్డాక, ఎప్పుడు తీస్తారా అని నిలబడ్డాను. అది కూడా అక్క ఇప్పించిందే.