వెంకటముని చెయ్యి

అలిపిరి దారిలో గుండ్లు గీసే వెంకటముని పొద్దున్నే కత్తిని తోలుపట్టీ మీద రుద్ది, ముంజేతి వెంట్రుకల మీద పదును చూసుకుంటాడు. ఒకప్పుడు హుషారెక్కితే రోజుల తరబడి నిద్రపోయేవాడు కాదు, దిగితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. వేలూరు డాక్టరు మాత్రలతో రెండూ తగ్గినాయి, చెయ్యి మాత్రం వణకడం మొదలైంది. ఇవాళ ఒకాయన తల తడుపుకొని ముందు కూర్చుంటే, వెంకటముని కత్తి ఎత్తి మళ్లీ దించినాడు.

"కత్తికి పదును లేదప్పా. పక్కనాయన కాడికి పో."

ఆయన వెళ్లినాక భార్య తిరుమలమ్మ మాత్ర, నీళ్లు తెచ్చింది.

"ఇది మానేస్తే చెయ్యి నిలుస్తాది గదా" అన్నాడు.

"పోయినసారి మానేసి పాకాల రైలు టేసన్లో దొరికినావు."

చేతిలో పెడితే మాత్ర జారిపోతుందని, నోరు తెరిచినాడు.