కనపడదుగారి కోటు

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది కానీ, బజారులో అది ఎవరికీ గుర్తులేదు. చిరిగిన బట్ట పట్టుకుని ఎవరొచ్చినా చిరుగును వెలుతురుకు పట్టి చూసి, "కనపడదు లెండి" అనేవాడు. పలకరింపు అదే, హామీ అదే. దాంతో అందరికీ ఆయన కనపడదుగారు అయిపోయాడు.

ఆయనది రఫ్ఫు పని. చిల్లు పడిన బట్ట లోపలి మడతల్లోంచే పోగులు లాగి, చిల్లు మీద సూదితో మళ్లీ నేత నేసేవాడు. పనయ్యాక కళ్లతో వెతికి లాభం లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బట్టను జార్చుకుంటూ పోతే ఒకచోట ఇసుకరేణువంత గట్టిదనం తగిలేది. అదైనా ఆయన వేళ్లకే తగిలేది.

ఇంట్లోనూ ఇదే తీరు. ఒళ్లు కాలిపోతున్నా "బాగానే ఉంది" అనేవాడు. "చచ్చిపోయాక అడిగినా మీరు ఇదే మాటంటారు" అనేది భార్య.

ఒక సాయంత్రం తెల్లగీతల మీద రోడ్డు దాటుతుంటే, మలుపు తిరుగుతున్న కారు పక్కనుంచి కొట్టింది. కుడి మణికట్టు విరిగింది. కోటు కుడిచెయ్యి మోచేతి నుంచి కిందికి చీలిపోయింది. తప్పు కారుదేనని పోలీసులు రాశారు, నడిపినవాడూ ఒప్పుకున్నాడు. ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ చెయ్యి మళ్లీ సూది పట్టగలదా, లేదా?

కారు తాలూకు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఒకతను పళ్లు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. "ఇక్కడో చిన్న సంతకం పెడితే గొడవ వదిలిపోతుంది పెద్దాయనా" అన్నాడు. కనపడదుగారు ఎడమచెయ్యి చాపాడు కూడా. భార్య కలం లాక్కుని తన సంచిలో వేసుకుంది.

"కట్టు విప్పనివ్వండి బాబూ. లోపల ఏముందో చూడకుండా బేరమేంటి?"

"సరేనమ్మా. కలం నాదమ్మా..."

లాయరమ్మ గది మందుల షాపు పైన ఉంది. వయసులో చిన్నదే గాని మాట ఖచ్చితం. "నన్నడక్కుండా దేనిమీదా సంతకం పెట్టకండి. ఆసుపత్రి కాగితం చిన్నదైనా పారేయకండి. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతక్కుండా అలాగే దాచండి. దెబ్బ ఎటునుంచి తగిలిందో, ఎంత గట్టిగా తగిలిందో అవే చెబుతాయి" అంది. కనపడదుగారు బుద్ధిగా తలాడించాడు.

కట్టు విప్పాక మళ్లీ వెళ్లారు.

"కోటు తెచ్చారా బాబాయ్?"

"తొడుక్కునే వచ్చానమ్మా."

లాయరమ్మ ఆయన్ని చూసి, ఆయన భార్యను చూసింది.

"నన్ను చూడకమ్మా" అంది భార్య. "ఉతికారు, కుట్టారు, ఇస్త్రీ కూడా అయింది. నేను మా అక్క వాళ్లింటికి వెళ్లొచ్చేలోపు ఇంత పని."

"చిరిగిన కోటుతో లాయరు దగ్గరికి ఎలా వస్తానమ్మా? అందులోనూ నేను. బజారంతా నవ్వదూ?"

"సాక్షికి స్నానం చేయించి తల దువ్వి మరీ తీసుకొచ్చారు బాబాయ్" అంటూ లాయరమ్మ నుదురు పట్టుకుంది.

ఆయన చెప్పనిది ఒకటుంది. పూటలో అయ్యే ఆ పని భార్య లేని రోజులన్నీ తినేసింది. సూది వేలికి గుచ్చుకున్న సంగతి, బట్ట మీద రక్తపుచుక్క కనిపించాకే తెలిసింది. అందుకే రెండోసారి ఉతికాడు.

కంపెనీ తరఫు డాక్టరు దగ్గరా అదే వరస. డాక్టరు మణికట్టు నొక్కి "నొప్పుందా?" అంటే కనపడదుగారు "లేదండి" అన్నాడు. "ఎలా ఉంది?" అంటే "బాగానే ఉందండి" అన్నాడు. నరం దెబ్బతిన్నట్టుందని ఆసుపత్రి వాళ్లు మొదట్లో రాసిన మాట ఉండగానే, ఈ డాక్టరు చెయ్యి పూర్తిగా కోలుకుందని రాసేశాడు.

కేసు కోర్టుదాకా పోకముందే రాజీకి పిలిచారు. పొడవాటి బల్ల, నీళ్ల జగ్గు. బల్ల చివర రాజీ కుదిర్చే అధికారి, ఎదురుగా ఆ కలం పోగొట్టుకున్న కంపెనీ అతను. వరండాలో అతను "కోటు బాగుచేయించారే, ఎవరు కుట్టారు?" అని మర్యాదగా అడిగితే, కనపడదుగారు "నేనేనండి" అనేశాడు. లోపలికి రాగానే అతను ఆ మాటే బల్ల మీద పెట్టాడు.

"ఈయన పని సూదిపని. తన కోటు తనే కుట్టుకున్నారు. చెయ్యి పనిచెయ్యకపోతే ఎలా కుట్టారండీ?"

లాయరమ్మ ఏదో అనబోయింది. అధికారి చెయ్యెత్తి ఆపాడు. "కోటు ఒకసారి చూడొచ్చా మాస్టారూ?"

గదిలోకి వచ్చినప్పటి నుంచీ కనపడదుగారి ఎడమ అరచెయ్యి కుడి మోచేతి కింది కుట్టును కప్పే ఉంది. భార్య అది గమనించింది.

"చెయ్యి తియ్యండి" అంది మెల్లగా.

"వద్దే."

"తియ్యండి అంటున్నానా."

తీశాడు. కోటు విప్పి బల్ల మీద పరిచాడు. చీలిక పొడవునా బట్ట పాత గాయం మచ్చలా ముడుచుకుని ఉంది.

"నాకైతే బాగానే కనిపిస్తోంది" అన్నాడు కంపెనీ అతను.

"కనిపిస్తోంది కదండీ?" కనపడదుగారి గొంతు ఒక్కసారిగా లేచింది. "అది కనిపించకూడదండీ! ఇదే కోటుకి ఎడమచెయ్యి దగ్గర ఇంకో అతుకుంది. ఎప్పుడో మేకు పట్టి చిరిగితే వేసింది. చూపిస్తానుండండి."

కోటు ఎడమచెయ్యి దగ్గరికి లాక్కుని, అలవాటు కొద్దీ కుడి బొటనవేలితో తడిమాడు. అంచునుంచి పైకి పోయాడు. మళ్లీ కిందికి వచ్చాడు. మళ్లీ పైకి. లాయరమ్మ నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. ఆయన చూడలేదు.

"దొరకట్లేదండి" అన్నాడు చివరికి. "ఉంది. ఇక్కడే ఉంది. ఈ వేళ్లకి ఏమీ తెలియట్లేదు."

"ఎప్పటినుంచి?" అడిగింది భార్య. ఆ గదిలో ప్రశ్నలు అడగాల్సింది ఆమె కాదు. అయినా ఎవరూ ఆపలేదు.

"కట్టు విప్పినప్పటి నుంచీ."

ఎడమచేత్తో మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నెమ్మదిగా, కొత్తగా పని నేర్చుకునేవాడిలా. ఒకచోట ఆగాడు. "ఇదిగో."

అధికారి కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. వేలితో రుద్ది చూశాడు.

"అక్కడ కాదండీ, ఇంకొంచెం పైకి" అన్నాడు కనపడదుగారు. ఇంతసేపట్లో ఆయన ముఖం వెలిగింది అప్పుడే.

ఆ రోజు రాజీ కుదరలేదు. ఇరుపక్షాలకూ సంబంధంలేని డాక్టరు చేత నరాలకు పరీక్ష చేయించాలని అధికారి రాశాడు. కంపెనీ అతను అభ్యంతరం చెప్పలేదు. "అక్కడ మాత్రం నిజం చెప్పండి బాబాయ్" అని లాయరమ్మ మెట్ల దాకా వచ్చి మరీ చెప్పింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు భార్య ఆ మచ్చ కుట్టు వైపు చూసి, "ఇంటికెళ్లాక విప్పించేద్దామా? నేను చూడలేకపోతున్నా" అంది.

"వద్దే. మళ్లీ లాయరమ్మతో తిట్లు తినిపిస్తావా? ఈసారి ముట్టుకోను."

ఆమె నవ్వబోయి ఆగింది. "చెయ్యెలా ఉంది?"

"బా..." అని మొదలుపెట్టి, ఆగాడు. బస్సు ఇంకా రాలేదు.

"బాగాలేదే" అన్నాడు.

ఆమె ఆ వేళ్లు పట్టుకుంది. పట్టుకుందని ఆయన చూసి తెలుసుకున్నాడు.